టరంటులా

టరంటులా అనేది సాలీళ్ళలో మిక్కిలి పెద్దవైన, ఒళ్ళంతా నూగు కలిగిన ఒక కుటుంబానికి వాడుకలో ఉన్న పేరు. ఈ కుటుంబపు శాస్త్రీయ నామం థెరఫోసిడే. ఇందులో వెయ్యికి పైగా జాతులను శాస్త్రజ్ఞులు ఇప్పటివరకు గుర్తించి వర్ణించారు. అంటార్కిటికా తప్ప తక్కిన ఖండాలన్నింటిలోనూ, ముఖ్యంగా ఉష్ణమండల ప్రాంతాలలో, ఇవి నివసిస్తాయి. ఆకారాన్ని చూసి జనం భయపడినప్పటికీ ఇవి స్వభావరీత్యా బిడియపు జీవులు. పగలంతా బొరియలోనో చెట్టు తొర్రలోనో దాగి ఉండి, రాత్రివేళ ఆహారం కోసం వెలుపలికి వస్తాయి. ప్రపంచమంతటా పేరుపొందిన నీలిరంగు టరంటులా ఆంధ్రప్రదేశ్‌లోని నల్లమల అడవులకు చెందినది. దానికి గుత్తి పట్టణం పేరు స్థిరపడింది.

పేరు వెనుక కథ

"టరంటులా" అన్న మాట ఇటలీ దేశపు దక్షిణ భాగాన ఉన్న టరాంటో పట్టణం పేరు నుండి వచ్చింది. ఆ ప్రాంతపు పొలాలలో ఉండే ఒక పెద్ద సాలీడు కరిస్తే మనిషి పిచ్చివాడవుతాడని, ఆగకుండా నాట్యం చేస్తేనే ఆ విషం దిగుతుందని మధ్యయుగాలలో అక్కడి ప్రజలు నమ్మేవారు. "టారంటెల్లా" అనే ఇటలీ జానపద నృత్యం పేరు కూడా ఈ పట్టణంతో ముడిపడి ఉన్నదే. ఆ సాలీడు నిజానికి థెరఫోసిడే కుటుంబానికి చెందినది కాదు. అది తోడేలు సాలీళ్ళ కుటుంబానికి చెందిన లైకోసా టరంటులా. దాని కాటు అంత ప్రమాదకరమైనదీ కాదు. తరువాతి కాలంలో యూరోపియనులు అమెరికా ఖండాలకు వెళ్ళి, అక్కడ అంతకంటే ఎంతో పెద్దవైన, నూగుతో నిండిన సాలీళ్ళను చూసి వాటినీ అదే పేరుతో పిలిచారు. క్రమంగా పేరు కొత్త వాటికే నిలిచిపోయింది.

వీటిలో కొన్నింటిని "పక్షిభక్షక సాలీళ్ళు" అని కూడా అంటారు. మరియా సిబిల్లా మెరియన్ అనే చిత్రకారిణి దక్షిణ అమెరికాలోని సురినాం దేశపు కీటకాలపై 1705లో ప్రచురించిన గ్రంథంలో, ఒక పెద్ద సాలీడు చిన్న పిట్టను తింటున్న చిత్రం ఉంది. ఆ పేరుకు మూలం ఆ చిత్రమే. వాస్తవంలో వీటి ప్రధాన ఆహారం కీటకాలే.

తెలుగువారికి సాలీడు కొత్త జీవి కాదు. శ్రీకాళహస్తి పేరులోని "శ్రీ" అంటే సాలెపురుగు, "కాళ" అంటే పాము, "హస్తి" అంటే ఏనుగు. ఈ మూడూ శివుని సేవించి ముక్తి పొందాయని స్థలపురాణం. ఆ కథలోని సాలీడు దారాలతో గుడి కట్టినది. టరంటులాలకు గాలిలో వలపన్ని పురుగులను పట్టే అలవాటు లేదు. అవి పట్టుదారాన్ని నివాసానికి లోపలి పూతగానూ, గుడ్ల సంచిగానూ, వాకిలి వద్ద పరుపుగానూ వాడుకుంటాయి.

శరీర నిర్మాణం

సాలీళ్ళు కీటకాలు కావు. కీటకాలకు 6 కాళ్ళు, సాలీళ్ళకు 8 కాళ్ళు. సాలీడు దేహంలో రెండు భాగాలు ఉంటాయి. ముందుది శిరోవక్షం, వెనుకది ఉదరం. టరంటులా శరీర నిర్మాణంలోని ముఖ్య విశేషాలు ఇవి:

* కోరలు: సాధారణ సాలీళ్ళ కోరలు పట్టకారులాగా పక్కల నుండి ఒకదానికొకటి ఎదురుగా కదులుతాయి. టరంటులా కోరలు సమాంతరంగా ఉండి గునపాలవలె పైనుండి కిందికి దిగుతాయి.
* శ్వాసాంగాలు: సాధారణ సాలీళ్ళలో అధిక భాగానికి ఒక జత పుస్తకాకార ఊపిరితిత్తులు ఉంటాయి. టరంటులాలకు రెండు జతలు ఉంటాయి.
* కళ్ళు: 8 చిన్న కళ్ళు శిరోవక్షం పైన ఒక గుంపుగా అమరి ఉంటాయి. చూపు అంత చురుకైనది కాదు. కాళ్ళపైని నూగు ద్వారా నేల, గాలి, చెట్టు బెరడులలోని అతి స్వల్ప కంపనాలను గ్రహించి ఎర ఎక్కడున్నదో తెలుసుకుంటాయి.
* పాదాలు: పాదాల అడుగున దట్టమైన సన్నని వెంట్రుకల కుచ్చు ఉంటుంది. దీనివల్లనే ఇంత బరువైన జీవి నిలువు గోడలను, చెట్ల మానులను ఎక్కగలుగుతోంది.
* రక్తం: మన రక్తంలో ఇనుము కలిగిన హీమోగ్లోబిన్ ఉన్నట్లు, వీటి రక్తంలో రాగి కలిగిన హీమోసయనిన్ ఉంటుంది. కాళ్ళు ముడుచుకోవడానికి కండరాలు ఉన్నా, ముఖ్యమైన కీళ్ళను చాచడానికి రక్తపు ఒత్తిడిపైనే ఆధారపడతాయి. అందుచేత పైనుండి కిందపడి ఉదరం చిట్లితే టరంటులా సాధారణంగా బ్రతకదు.

అన్ని సాలీళ్ళలోకి బరువైనదిగా దక్షిణ అమెరికాకు చెందిన గోలియత్ టరంటులాను చెబుతారు. కాళ్ళు చాపితే దీని అడ్డుకొలత సుమారు 28 సెంటీమీటర్ల వరకు ఉంటుంది.

జీవన విధానం

నివాసం: నివాసాన్ని బట్టి టరంటులాలను స్థూలంగా రెండు విధాలుగా చెప్పవచ్చు. నేలలో బొరియ చేసుకొని జీవించేవి ఒక రకం, చెట్లపై జీవించేవి మరొక రకం. చెట్లపై ఉండేవాటి కాళ్ళు పొడవుగా, దేహం బల్లపరుపుగా ఉంటాయి. ఇరుకైన తొర్రలలోనూ, పొరలెత్తిన బెరడు కిందనూ దూరడానికి ఈ ఆకారం అనుకూలం.

ఆహారం: మిడతలు, బొద్దింకలు, చిమ్మటలు, పేడపురుగుల వంటి కీటకాలు వీటి ముఖ్య ఆహారం. అవకాశం దొరికితే చిన్న బల్లులను, కప్పలను కూడా పట్టుకుంటాయి. వాకిలి వద్ద కదలక కూర్చొని, ఎర దగ్గరకు రాగానే ఒక్క ఉదుటున మీద పడతాయి. కోరలతో విషాన్ని ఎక్కించి, తరువాత జీర్ణరసాలతో ఆహారాన్ని కరిగించి ద్రవరూపంలో పీల్చుకుంటాయి. ఒకసారి కడుపునిండితే చాలా రోజులు, ఒక్కొక్కప్పుడు వారాల తరబడి, ఆహారం లేకుండా ఉండగలవు.

కుబుసం విడవడం: టరంటులా పై కవచం గట్టిది, సాగదు. కనుక పెరిగే కొద్దీ పాత కవచాన్ని వదలివేయాలి. దీనిని నిర్మోచనం అంటారు. కుబుసం విడిచే సమయంలో ఇవి తరచుగా వెల్లకిలా పడుకుంటాయి. చూసినవారు చనిపోయిందని పొరబడుతుంటారు. కొత్త కవచం గట్టిపడే వరకు అది నిస్సహాయ స్థితి. విరిగిపోయిన కాలు కూడా తరువాతి నిర్మోచనాలలో తిరిగి మొలుస్తుంది. ఆడవి పెద్దవైన తరువాత కూడా కుబుసం విడుస్తూనే ఉంటాయి. మగవి యుక్తవయస్సుకు వచ్చిన తరువాత సాధారణంగా విడవవు.

సంతానం: యుక్తవయస్సు రాగానే మగ టరంటులా తన నివాసం విడిచి ఆడదాన్ని వెదుకుతూ బయలుదేరుతుంది. ఆడదాని వాకిలి వద్ద కాళ్ళతో తట్టి తన రాకను తెలుపుతుంది. ఆ కంపనాలను బట్టి ఆడది వచ్చినది ఎరయో, జతగాడో గుర్తిస్తుంది. జతకూడిన కొన్ని నెలల తరువాత ఆడది పట్టుదారంతో గుండ్రని సంచి అల్లి అందులో గుడ్లు పెట్టి, పిల్లలు వెలువడేవరకు కాపలా కాస్తుంది. మగవాటి ఆయుర్దాయం తక్కువ. ఆడవి చాలా కాలం జీవిస్తాయి. కొన్ని జాతులలో ఆడవి 20 సంవత్సరాలకు పైగా కూడా జీవిస్తాయి.

శత్రువులు: పక్షులు, బల్లులు, పాములు, జెర్రులు వీటిని తింటాయి. వీటన్నిటికంటే విచిత్రమైన శత్రువు ఒక జాతి కందిరీగ. అది టరంటులాను కుట్టి కదలలేకుండా చేసి, దానిపై ఒక గుడ్డు పెట్టి గుంతలో కప్పివేస్తుంది. గుడ్డు నుండి వచ్చిన పురుగు ప్రాణంతో ఉన్న టరంటులానే తిని పెరుగుతుంది. అమెరికా ఖండాల టరంటులాలలో అనేక జాతులు తమ ఉదరంపైని దురద పుట్టించే వెంట్రుకలను శత్రువు మీదికి విసురుతాయి. భారతదేశపు టరంటులాలకు ఈ సాధనం లేదు. అవి తప్పించుకొని పారిపోతాయి, దారి లేనప్పుడు కరుస్తాయి.

గుత్తి నీలి టరంటులా

దీని శాస్త్రీయ నామం పొయిసిలోథీరియా మెటాలికా. గ్రీకు భాషలో "పొయికిలోస్" అంటే చిత్రవర్ణం కలది, "థీరియాన్" అంటే మృగం. "మెటాలికా" అన్నది దాని లోహపు మెరుపును సూచిస్తుంది. ఈ ప్రజాతికి చెందిన జాతులు ప్రపంచంలో భారతదేశం, శ్రీలంకలలో మాత్రమే ఉన్నాయి. అన్నీ చెట్లపై జీవించేవే. తూర్పు కనుమలలో ఈ ప్రజాతికి చెందిన ఇతర జాతులు కూడా కలవు. 2006లో వర్ణించిన పొయిసిలోథీరియా టైగ్రినావెసెలికి అనంతగిరి కొండల పేరు మీదుగా కూడా ఒక వాడుక పేరు ఉంది.

బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఆర్.ఐ. పోకాక్ 1899లో నీలి టరంటులాను మొదటిసారిగా వర్ణించాడు. ఆయనకు లభించిన నమూనా అనంతపురం జిల్లాలోని గుత్తిలో రైల్వే కలప నిల్వచేసే చోట దొరికినది. ఆ తరువాత 100 సంవత్సరాలకు పైగా అడవిలో దీని జాడ శాస్త్రజ్ఞులకు తెలియలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమ ఉన్న అడవిలో ఇది మళ్ళీ కనబడింది. ఆ అడవి గుత్తికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. అడవిలో కొట్టిన కలపతో పాటు ఆ మొదటి సాలీడు రైలులో గుత్తి చేరి ఉంటుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ఈ విధంగా అది పుట్టిన చోటు పేరు కాక, దిగిన స్టేషను పేరు దానికి నిలిచిపోయింది. కోస్తా జిల్లాల నుండి గుంటూరు, వినుకొండ, మార్కాపురం, గిద్దలూరుల మీదుగా నంద్యాల వెళ్ళే రైలు ప్రయాణికులు ఈ సాలీడు నివసించే నల్లమల గుండానే ప్రయాణిస్తారు.

ఈ సాలీడు కాళ్ళు చాపితే అడ్డుకొలత 15 నుండి 20 సెంటీమీటర్లు ఉంటుంది. దేహం ముదురు నీలిరంగులో మెరుస్తూ, దానిపై తెల్లని ముగ్గు వంటి గీతలు, కాళ్ళపై పసుపు పట్టీలు ఉంటాయి. ఇది పెద్ద చెట్ల తొర్రలలో గరాటు వంటి పట్టుగూడు అల్లుకొని నివసిస్తుంది. తొర్రలు చాలినన్ని లేనిచోట ఒకే తొర్రలో పెద్దవి, చిన్నవి కలిసి ఉండడం కూడా కద్దు. ఆడవి సాధారణంగా 11, 12 సంవత్సరాలు, మగవి 3, 4 సంవత్సరాలు జీవిస్తాయి.

నీలిరంగు రహస్యం

ఈ సాలీడు నీలం రంగు పదార్థం వల్ల వచ్చినది కాదు. వెంట్రుకలలోని అతి సూక్ష్మమైన పొరల అమరిక కాంతిలోని నీలి భాగాన్ని మాత్రమే మన కంటికి తిరిగి పంపుతుంది. నెమలి పింఛం మెరుపు కూడా ఇట్టి నిర్మాణం వల్లనే కలుగుతుంది. టరంటులాలలో నీలిరంగు కనీసం 8 సార్లు వేరువేరుగా పరిణమించిందని 2015లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. వీటి చూపు మందం కనుక ఈ రంగు జతగాళ్ళను ఆకర్షించడానికి ఉద్దేశించినది కాకపోవచ్చునని ఆ పరిశోధకులు భావించారు. 2020లో వెలువడిన మరొక పరిశోధన, రంగులను గుర్తించడానికి కావలసిన జన్యువులు టరంటులాలలో పనిచేస్తున్నాయని చూపి, ఆ చర్చను తిరిగి తెరిచింది.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతపు పెద్ద సాలీళ్ళు

గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ ఉన్న ఈ ప్రాంతంలో ఇంట్లోనో, పొలంలోనో పెద్ద సాలీడు కనబడగానే దానిని టరంటులా అనుకొని చంపివేయడం తరచుగా జరుగుతుంది. డెల్టా భూములు వరిచేలు, చేపల చెరువులు, కాలువలతో నిండినవి. సంవత్సరంలో అధిక భాగం తడిగా ఉండే ఇట్టి నేలలు బొరియ సాలీళ్ళకు అనువైనవి కావు. తొర్రలున్న ముసలి చెట్ల అడవి కూడా ఇక్కడ లేదు. అటువంటి అడవి కావాలంటే ఉత్తరాన పోలవరం, బుట్టాయగూడెం మన్యం వైపు వెళ్ళాలి. ఈ ప్రాంతంలో సాధారణంగా కనిపించే పెద్ద సాలీళ్ళు ఇవి:

* ఇంటి వేట సాలీడు (హెటిరోపోడా వెనటోరియా): పెంకుటిళ్ళలో, ధాన్యపు కొట్లలో, స్నానాల గదులలో రాత్రివేళ గోడపై కనిపించే పెద్ద గోధుమరంగు సాలీడు ఇదే. దేహం బల్లపరుపుగా, కాళ్ళు పీత కాళ్ళవలె పక్కలకు చాచి ఉంటాయి. వల అల్లదు. బొద్దింకలను వేటాడుతుంది. ఆడది తెల్లని బిళ్ళ వంటి గుడ్ల సంచిని పొట్టకింద పట్టుకొని తిరుగుతుంది.
* వరిచేల తోడేలు సాలీడు (పార్డోసా సూడోఅన్యులేటా): వరి దుబ్బుల మొదళ్ళలో, నీటిపైన కూడా పరుగెత్తే చిన్న సాలీడు. ఆడది గుడ్ల సంచిని వెనుక తగిలించుకొని, పిల్లలు వెలువడిన తరువాత వాటిని వీపున మోస్తుంది.
* పొడవు దవడల సాలీడు (టెట్రాగ్నాథా): నీటి ఒడ్డున గడ్డిలోను, వరిపైరులోను సన్నగా, పుల్లవలె చాచుకొని ఉంటుంది. గుండ్రని వల అల్లుతుంది.

వీటిలో తోడేలు సాలీడు ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఇటలీలోని టరాంటో పేరు మొదట ధరించిన అసలు "టరంటులా"కు ఇది దగ్గరి బంధువు. ఇది వరికి గొప్ప శత్రువైన సుడిదోమను తిని రైతుకు మేలు చేస్తుంది. విచక్షణ లేకుండా పురుగుమందులు చల్లితే దోమ కంటే ముందు సాలీళ్ళు నశిస్తాయి. అడ్డులేని దోమ మరల విజృంభిస్తుంది. అందుచేతనే దుబ్బుకు ఎన్ని దోమలున్నవో, ఎన్ని సాలీళ్ళున్నవో చూసిన తరువాతనే మందు చల్లే నిర్ణయం చేయాలని సమగ్ర సస్యరక్షణ విధానం బోధిస్తుంది.

కనబడినది టరంటులా అవునో కాదో తెలుసుకోవడానికి కొన్ని గుర్తులు ఉపకరిస్తాయి. దేహం బరువుగా, కాళ్ళు లావుగా, ఒళ్ళంతా దట్టమైన నూగుతో ఉండి, ముఖం ముందు లావైన కోరల పీఠాలు పొడుచుకొని వచ్చి ఉంటే అది టరంటులా కావచ్చు. సన్నని కాళ్ళతో గోడపై అతివేగంగా పక్కకు జరిగేది వేట సాలీడు. చెట్ల నడుమ పెద్ద వల మధ్యలో కూర్చొని ఉన్నది ఎంత పెద్దదైనా టరంటులా కాదు.

విషం, ప్రథమ చికిత్స

టరంటులాలన్నింటికీ విషం ఉంటుంది. అయితే ఈ విషం వల్ల మనిషి మరణించినట్లు శాస్త్రీయంగా నిర్ధారణ అయిన సందర్భం లేదు. పొయిసిలోథీరియా ప్రజాతి కాటు మాత్రం తేలికగా తీసుకోదగినది కాదు. తీవ్రమైన నొప్పి, వాపు, కొన్ని గంటల తరువాత మొదలై రోజుల తరబడి వచ్చిపోయే కండరాల తిమ్మిర్లు కలుగుతాయి. కాటు పడిన చోట సబ్బునీటితో కడిగి, చల్లని గుడ్డ ఉంచి, వైద్యుని వద్దకు వెళ్ళాలి. గాయాన్ని కోయడం, పీల్చడం, గట్టిగా కట్టుకట్టడం చేయరాదు. 2012లో అస్సాం రాష్ట్రంలోని సదియా ప్రాంతంలో పెద్ద సాలీళ్ళు కరిచి మనుషులు చనిపోయారని వార్తలు వెలువడ్డాయి. బాధితులు మొదట నాటువైద్యులను ఆశ్రయించారు. మరణాలకు సాలీడు విషమే కారణమని నిర్ధారణ కాలేదు.

ఒంటిపై బొబ్బలు లేచినప్పుడు "పురుగు పాకింది" అని సాలీడును తప్పుపట్టడం పల్లెలలో పరిపాటి. వరి ప్రాంతాలలో దీపాల వెలుతురుకు వచ్చే పెడిరస్ అనే చిన్న పురుగు నలిగినప్పుడు దాని రసం వల్ల ఇట్టి బొబ్బలు లేస్తాయి. సర్పి వంటి చర్మవ్యాధుల వల్ల కూడా లేవవచ్చు. సాలీడు పాకినంత మాత్రాన బొబ్బలు రావు.

ముప్పు, సంరక్షణ

గుత్తి నీలి టరంటులాను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి 2008లో "తీవ్రంగా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నది"గా గుర్తించింది. ఆనాటి అంచనా ప్రకారం ఇది నివసించే ప్రాంత విస్తీర్ణం 100 చదరపు కిలోమీటర్ల లోపే. పులికి, ఏనుగుకు ఉన్న ఈ ప్రమాద స్థాయిల జాబితాలో దీనిది వాటికంటే తీవ్రమైన స్థానం. దీనికి ముఖ్యంగా రెండు కారణాలు చెబుతారు.

మొదటిది చెట్ల నరికివేత. ఈ సాలీడుకు ఏ చెట్టయినా చాలదు, తొర్ర ఉన్న చెట్టు కావాలి. తొర్ర పడాలంటే చెట్టు ముసలిది కావాలి, అందుకు దశాబ్దాలు పడుతుంది. కలపకు, వంటచెరకుకు ముందుగా కొట్టేది పుచ్చిపోయినదిగా కనిపించే ఇట్టి చెట్టునే. కొత్తగా మొక్కలు నాటితే అడవి పచ్చబడుతుంది గాని, తొర్ర వెంటనే ఏర్పడదు.

రెండవది వ్యాపారం. దీని అందం వల్ల ఐరోపా, అమెరికా దేశాలలో పెంపుడు జీవిగా దీనికి గిరాకీ ఏర్పడింది. ప్రస్తుతం విదేశాలలో బందీగా ఉన్న సాలీళ్ళ నుండి వేలకొద్దీ పిల్లలను పెంచుతున్నారు. కాని ఆ పెంపకం వల్ల అడవిలోని సంఖ్య పెరగదు. ఆడవి నిదానంగా ఎదిగే జాతి కనుక ఒక తొర్ర నుండి ఒక పెద్ద ఆడదాన్ని తీసుకుపోయినా నష్టం చాలా ఏళ్ళు నిలుస్తుంది.

2019 ఆగస్టులో జెనీవాలో జరిగిన సైటీస్ ఒప్పంద దేశాల సమావేశం పొయిసిలోథీరియా ప్రజాతి మొత్తాన్ని రెండవ అనుబంధంలో చేర్చింది. దీనివల్ల ఈ సాలీళ్ళను ఒక దేశం నుండి మరొక దేశానికి అనుమతి పత్రం లేకుండా పంపడం నిషిద్ధమైంది. ఆ నిబంధనలను 2022లో సవరించిన భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం దేశీయ చట్టంలో భాగం చేసింది.

చట్టం సరిహద్దులో రవాణాను ఆపగలదు. నల్లమలలో ఈ సాలీడు మిగలడం మాత్రం అక్కడి ముసలి చెట్లను, వాటి తొర్రలను అలాగే నిలవనివ్వడంపై ఆధారపడి ఉంది.